ఫ్లోరెన్స్: బైబిలు చేతపట్టుకొని చూడవలసిన నగరం

మలక్‌పేటలో మెట్రో ఎక్కి, తర్వాతి స్టేషన్ ఎం.జి.బి.ఎస్.లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం అక్కడికి దగ్గరే. అందులో రిబ్కా నిలబడి ఉంది. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి శిల్పం అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో దాన్ని కొన్నాడు. ముఖం మీద ముసుగు, ముసుగులోంచి కనబడే ముఖం, రెండూ ఒకే రాయి. చూడవచ్చిన వారు రాతిలో పలుచని బట్టను ఎలా చెక్కాడా అని ఆశ్చర్యపడి, ఒక ఫోటో తీసుకుని ముందుకు సాగిపోతారు. ఆమె ఎవరో, ఎవరిని చూచి ముసుగు వేసుకుందో తెలిసినవారు తక్కువ. ఆదికాండము 24వ అధ్యాయం చదివిన విశ్వాసికి మాత్రం అది తెలుసు. పొలంలో సాయంకాలం ధ్యానిస్తూ ఎదురొచ్చిన ఇస్సాకు, ఒంటె దిగిన పెండ్లికుమార్తె, ముఖం చూడని మనిషి కోసం పుట్టిల్లు విడిచి వచ్చిన ఆమె విశ్వాసం, ఇవన్నీ ఆ రాయి వెనుక కనబడతాయి.

ఇటలీ దేశపు ఫ్లోరెన్స్ నగరం గురించి రాయబోతూ మన మూసీ ఒడ్డున ఆగడానికి కారణం ఇదే. అక్కడ చూడబోయేది కూడా ఇలాంటిదే, కాకపోతే ఊరంతా ఉంటుంది. పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లే మన సంఘాల వారిలో కొందరు రోమును కూడా చూసి వస్తున్నారు. ఇటలీలో చదువుకుంటున్న పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకుంటున్నారు. రోము నుండి ఫ్లోరెన్స్‌కు వేగంగా వెళ్లే రైలులో సుమారు గంటన్నర ప్రయాణం. అంత దూరం వెళ్లి ఫోటోలతో మాత్రమే తిరిగి రాకూడదని ఈ వ్యాసం. వెళ్లలేని వారికి కూడా ఇందులో పనికొచ్చేది ఉంది.

ఏమిటీ నగరం?

ఫ్లోరెన్స్‌ను ఇటలీవారు ఫిరెంజె అంటారు. తోస్కానా ప్రాంతానికి రాజధాని. ఆర్నో నది ఊరి మధ్యగా పారుతుంది. 14, 15 శతాబ్దాలలో ఉన్ని, పట్టు వ్యాపారంతోనూ వడ్డీ వ్యాపారంతోనూ ఈ ఊరు ధనవంతమైంది. ఆ ధనంతో, ఆనాటి వృత్తి సంఘాల పోషణతో చిత్రకళ, శిల్పకళ, వాస్తు కొత్త ఊపిరి పోసుకున్నాయి. చరిత్రకారులు రినైజాన్స్ అని, సాంస్కృతిక పునరుజ్జీవనం అని పిలిచే కాలం ఇదే. పాత నగరాన్ని 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఈ నగరంలో 1750 వరకు కొత్త సంవత్సరం జనవరి 1న మొదలయ్యేది కాదు. గబ్రియేలు దూత మరియకు శుభవార్త చెప్పిన దినంగా ఆచరించే మార్చి 25న మొదలయ్యేది. లూకా 1వ అధ్యాయపు ఆ ఘట్టం అక్కడి గోడల మీద ఎందుకు అన్నిచోట్ల కనబడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

చూడవచ్చా, చూడకూడదా?

మన సంఘాలలో చాలామందికి వచ్చే సందేహం ఇది. నిర్గమకాండము 20వ అధ్యాయం చెక్కిన ప్రతిమలకు సాగిలపడవద్దని ఖండితంగా ఆజ్ఞాపిస్తున్నది. అదే గ్రంథం 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచి, బంగారంలో వెండిలో రాతిలో పనిచేసే నేర్పును తన ఆత్మ ద్వారా అతనికి ఇచ్చాడని కూడా చదువుతున్నాం. రెండూ దేవుని మాటలే. నేర్పు దేవుని వరం, నమస్కారం దేవునికే చెందినది. ఫ్లోరెన్స్ దేవాలయాలలో కొందరు చిత్రాల ముందు కొవ్వొత్తులు వెలిగిస్తుంటారు. వారిని వెక్కిరించనక్కర లేదు, అనుసరించనక్కర కూడా లేదు. ఆ చిత్రం ఏ వాక్యం నుండి వచ్చిందో వెదకి, అక్కడే నిలబడి ఆ భాగం చదువుకోవడం మన పని. చదువు రాని లక్షల మందికి ఒకప్పుడు ఆ గోడలే బైబిలు. మనకు చదువు ఉంది, తెలుగులో బైబిలు ఉంది, కనుక మన బాధ్యత ఎక్కువ.

తలుపుల మీద పాత నిబంధన

ఊరి నడిబొడ్డున ప్రధాన దేవాలయానికి ఎదురుగా, బాప్తిస్మమిచ్చు యోహాను పేరిట ఎనిమిది పలకల కట్టడం ఒకటుంది. తరతరాలుగా ఆ ఊరి బిడ్డలు బాప్తిస్మం పొందిన స్థలం అది. దానికి కంచు తలుపులు చేయించడానికి 1401లో శిల్పులకు పోటీ పెట్టారు. ఇచ్చిన అంశం ఇస్సాకు బలి. లొరెంజో గిబెర్టి గెలిచాడు, ఫిలిప్పో బ్రూనెల్లెస్కి గెలవలేదు. ఆనాడు ఇద్దరూ చేసిన కంచు పలకలు ఇప్పటికీ బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి.

గిబెర్టి తర్వాత మరో జత తలుపులు చేశాడు. 1425లో పని ఒప్పుకొని 1452లో ముగించాడు, అంటే 27 ఏళ్లు. పది పలకలు: ఆదాము హవ్వలు, కయీను హేబెలులు, నోవహు, అబ్రాహాము, యాకోబు ఏశావులు, యోసేపు, మోషే, యెహోషువ, దావీదు, చివరగా సొలొమోను, షేబ రాణి. వీటికి 'పరదైసు ద్వారాలు' అని పేరు. బంగారు పూత పూసిన అసలు పలకలు ఇప్పుడు దేవాలయపు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, బయట కనబడేవి నకళ్లు.

యాకోబు ఏశావుల పలక దగ్గర కాసేపు ఆగండి. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగులో కనబడిన రిబ్కా ఇక్కడ తల్లిగా కనబడుతుంది. గర్భములో పెనుగులాడే కవలల గురించి దేవుని అడుగుతుంది. మరో మూల, ముసలి ఇస్సాకు యాకోబును ఏశావనుకొని దీవిస్తుంటే పక్కన నిలబడి చూస్తుంటుంది. విశ్వాసంతో మొదలైన ఇంటిలో పక్షపాతం ఎలా చొరబడిందో ఆదికాండము 25 నుండి 27 వరకు చదివి ఆ పలకను చూస్తే, కంచు మాట్లాడుతుంది. మన ఇళ్ల గురించి కూడా మాట్లాడుతుంది.

ఓడిపోయినవాడు కట్టిన గోపురం

ప్రధాన దేవాలయానికి 1296లో పునాది పడింది. గోడలు లేచినా, నడిమి గోపురం కట్టే మార్గం తెలియక ఆ పెద్ద ఖాళీ అలాగే మిగిలిపోయింది. సుమారు 45 మీటర్ల వెడల్పు. అంత వెడల్పుకు కింద నుండి కొయ్య ఆసరా నిలబెట్టడం అసాధ్యమనిపించింది. తలుపుల పోటీలో గెలవని బ్రూనెల్లెస్కి ఈ పనికి ముందుకొచ్చాడు. లోపల ఒకటి, బయట ఒకటిగా రెండు పెంకులు, ఇటుకలను చేపముల్లు వరుసలో పేర్చడం, వరుస వెంట వరుస తనను తానే మోసుకొనేలా కట్టడం, ఇవి అతని ఉపాయాలు. 1420లో మొదలైన గోపురం 1436లో పూర్తయింది. పైకి ఎక్కడానికి 463 మెట్లు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు కింద నుండే చూడటం మంచిది.

వద్దనుకున్న రాయి

మైకెలాంజిలో చెక్కిన దావీదు శిల్పం అకాడెమియా గ్యాలరీలో ఉంది. ఎత్తు 5.17 మీటర్లు. 1501 నుండి 1504 వరకు చెక్కాడు, పని మొదలుపెట్టేనాటికి అతనికి 26 ఏళ్లు. అంతకుముందు ఇద్దరు శిల్పులు ఆ పాలరాతి మీద చేయి వేసి వదిలేశారు. దేవాలయపు ఆవరణలో ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసిన రాయి అది. ఇల్లు కట్టువారు నిషేధించిన రాయిని గురించిన 118వ కీర్తన ఇక్కడ గుర్తురాక మానదు. 1 సమూయేలు 17 చదివి చూస్తే మరొకటి కనబడుతుంది. గొల్యాతు తల ఇక్కడ లేదు. ఒడిసెల భుజాన ఉంది, చూపు దూరాన ఉంది. యుద్ధం ఇంకా జరగలేదు. గెలిచిన తర్వాతి సంబరాన్ని కాక, గెలవకముందరి నమ్మకాన్ని శిల్పి చెక్కాడు. శిల్పం నగ్నంగా ఉండటం మనవారిలో కొందరికి ఇబ్బంది కలిగించవచ్చు. పిల్లలతో వెళ్లేవారు ముందే చెప్పి తీసుకువెళ్లడం మేలు.

ఊయల

చాలా యాత్రా బృందాలు గోపురం, దావీదు చూసి బస్సెక్కుతాయి. అకాడెమియా నుండి కొద్ది నిమిషాల నడకలో ఉన్న మరో కట్టడాన్ని మన సంఘాలవారు తప్పక చూడాలి. దాని పేరు ఓస్పెదాలె దెల్యి ఇన్నోచెంతి. మత్తయి 2వ అధ్యాయంలో హేరోదు చంపించిన పసిబిడ్డలను తలచుకొని పెట్టిన పేరు. తల్లిదండ్రులు విడిచిపెట్టిన శిశువుల కోసం పట్టు వ్యాపారుల సంఘం డబ్బు పెట్టి కట్టించిన ఆశ్రమం ఇది. 1419లో దీని నమూనా గీసి పని మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? గోపురం కట్టిన బ్రూనెల్లెస్కియే. గోపురం పని, ఊయల ఇల్లు పని ఒకే మనిషి చేతిలో, ఒకే కాలంలో నడిచాయి.

1445 ఫిబ్రవరిలో మొదటి బిడ్డ వచ్చింది. ఆడబిడ్డ. అగాత అని పేరు పెట్టారు. కొందరు తల్లులు ఒక నాణేన్నో పతకాన్నో రెండు ముక్కలు చేసి, ఒక ముక్క బిడ్డ దగ్గర ఉంచి, రెండోది తమ దగ్గర దాచుకునేవారు. ఎప్పటికైనా తిరిగొస్తే గుర్తు పట్టడానికి. రెండో ముక్క రాని ఆ సగం నాణేలు ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ముఖద్వారం మీద గుడ్డల్లో చుట్టిన పసికందుల బొమ్మలు నీలి నేపథ్యంలో తెల్లగా మెరుస్తుంటాయి. అవి అంద్రెయా దెల్లా రొబ్బియా చేసినవి. బిడ్డలను గుట్టుగా అప్పగించే ఏర్పాటు 1875 వరకు సాగింది. ఆ ఆవరణలో పిల్లల సేవ నేటికీ ఆగలేదు. యునిసెఫ్ పరిశోధనా కేంద్రానికి చోటిచ్చింది కూడా ఈ ఆశ్రమమే. అలాగే ప్రధాన దేవాలయం ఎదుటనే మిజెరికోర్దియా అనే సేవా సంఘం ఉంది. 1244 నుండి రోగులను మోస్తున్న ఆ సంఘపు అంబులెన్సులు ఇప్పటికీ అక్కడి నుండి బయలుదేరుతుంటాయి.

మనకూ ఇలాంటి గుర్తులు లేకపోలేదు. మలక్‌పేట నుండి ఎల్.బి.నగర్ వైపు మెట్రోలో వెళితే చైతన్యపురి తర్వాత విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వస్తుంది. రోజూ ఆ పేరు వింటాం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లో అనాథ పిల్లల కోసం వెలసిన ఆశ్రమం పేరు అది. మెదక్ దేవాలయం సంగతి మన సంఘాలకు కొత్త కాదు. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని, పనికి తిండి ఇస్తూ పాస్నెట్ దొరగారు కట్టించారని, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారని పెద్దలు చెబుతుంటే విన్నాం. రంగు అద్దాల కిటికీల్లో ప్రభువు జననం, సిలువ, ఆరోహణం చూసి వస్తాం. ఆ గోడలు అన్నం పెట్టాయన్నది మరచిపోతాం. మందిర నిర్మాణ నిధికి కానుకలు పట్టే ప్రతి సంఘం తన లెక్కల పుస్తకంలో ఊయల పేరిట కూడా ఒక పద్దు ఉందో లేదో చూసుకోవాలి.

మౌనం, మంట

సాన్ మార్కో ఆశ్రమం ఇప్పుడు మ్యూజియం. అందులో సన్యాసులు నివసించిన చిన్న గదుల గోడల మీద, ఫ్రా ఆంజెలికో అనే సన్యాసి తన సహాయకులతో 1440 ప్రాంతంలో ప్రభువు జీవిత ఘట్టాలను చిత్రించాడు. మెట్లెక్కగానే ఎదురుగా గబ్రియేలు, మరియ కనబడతారు. ఆడంబరం లేదు. ఒక్కొక్క గదికి ఒక్కొక్క ఘట్టం, ఆ గదిలో ప్రార్థించేవాని కోసం.

అదే ఆశ్రమానికి తర్వాత పెద్దగా ఉన్నవాడు సవొనరోలా. పాలకుల విలాసాన్ని, సంఘపు అవినీతిని ఎండగట్టిన ప్రసంగీకుడు. 1497 ఫిబ్రవరి 7న అతని ప్రేరణతో అద్దాలు, అలంకారాలు, పుస్తకాలు, చిత్రాలు కూడలిలో పోగుపోసి తగలబెట్టారు. ఏడాది తిరిగిన తర్వాత 1498 మే 23న అదే కూడలిలో అతన్ని ఉరితీసి, శరీరాన్ని కాల్చివేశారు. ఆ చోట నేల మీద గుర్తుగా గుండ్రని రాతి పలక ఉంది. పాపాన్ని ఖండించడం ప్రవక్త పని. కాని భయపెట్టి తెచ్చిన మారుమనస్సు ఎంతకాలం నిలుస్తుందో ఆ పలక దగ్గర ఆలోచించుకోవాలి.

బైబిలు చదివినందుకు జైలు

ఈ సంగతి యాత్రా పుస్తకాలలో సాధారణంగా కనబడదు. తలుపుల మీద, గోడల మీద, గోపురం లోపల, ఎక్కడ చూసినా బైబిలే ఉన్న ఈ ఊరిలో, ఇంట్లో బైబిలు చదువుకోవడం ఒకప్పుడు నేరమైంది. ఫ్రాంచెస్కో మదియాయి, రోజా మదియాయి అనే సామాన్య దంపతులు ప్రొటెస్టెంటు విశ్వాసం స్వీకరించి, ఇటలీ భాషలో ఉన్న బైబిలును ఇతరులతో కలిసి చదువుతున్నారని 1851లో వారిని పట్టుకున్నారు. 1852లో శిక్ష వేసి భార్యాభర్తలను వేర్వేరు జైళ్లలో పెట్టారు. యూరప్ దేశాల విశ్వాసులు గొంతెత్తగా 1853 మార్చిలో విడిచిపెట్టి దేశం నుండి పంపివేశారు. ఆ తర్వాత కొన్ని నెలలకే, 1854 జనవరి 1న, ఒంగోలు ప్రార్థన కొండ మీద జ్యూయెట్ దొరగారు, ఆయనతో ఉన్న కొద్దిమంది తెలుగు నేల కోసం మోకరించారు. నేడు ఫ్లోరెన్స్‌లో వాల్డెన్సియన్ ప్రొటెస్టెంటు సంఘం బహిరంగంగా ఆరాధిస్తున్నది.

వాక్యాన్ని బొమ్మగా గోడకు ఎక్కించి, చేతిలోంచి తీసేసే ప్రమాదం ఆ ఊరికి మాత్రమే వచ్చినది కాదు. వాక్యాన్ని ఫ్రేము కట్టి హాలులో తగిలించి, క్యాలెండరుగా వేలాడదీసి, ఫోనులో స్టేటసుగా పెట్టుకొని, బైబిలు తెరవకుండా వారం గడిపే ఇల్లు మన మధ్య లేదా?

వరద మిగిల్చిన సిలువ

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆనాటి చింతచెట్టు కథ మన పెద్దలు ఇంకా చెబుతారు. 1966 నవంబరు 4న ఆర్నో కూడా అలాగే పొంగింది. పరదైసు ద్వారాల పది పలకల్లో ఐదు ఊడిపోయాయి. సాంతా క్రోచె దేవాలయంలో చిమాబూయే 13వ శతాబ్దంలో చిత్రించిన పెద్ద సిలువ నీటమునిగి, దాని మీది రంగులో సగానికి పైగా పోయింది. నానా దేశాల యువకులు వచ్చి బురదలో దిగి పుస్తకాలను, చిత్రాలను చేతులతో ఎత్తి పట్టుకున్నారు. 'బురద దూతలు' అని ఆ ఊరివారు వారికి పేరు పెట్టారు. సిలువను బాగుచేసినవారు పోయిన ముఖాన్ని కొత్తగా గీయలేదు. మిగిలినది మిగిలినట్లే నిలిపి, ఖాళీలను సన్నని రంగు గీతలతో నింపారు. గాయం గాయంగానే కనబడుతుంది. యోహాను 20వ అధ్యాయంలో పునరుత్థానుడైన ప్రభువు తోమాకు చూపినవి కూడా గాయాలే.

వెళ్లేవారికి కొన్ని సూచనలు

ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. హైదరాబాదు నుండి నేరుగా ఫ్లోరెన్స్‌కు విమానం లేదు, రోము దాకా వెళ్లి రైలెక్కడం సులువు. సాంతా మరియా నొవెల్లా స్టేషన్‌లో దిగితే ముఖ్యమైన స్థలాలన్నీ నడిచి చూడవచ్చు. ఉఫీజి, అకాడెమియా గ్యాలరీలకు సోమవారం సెలవు, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. దేవాలయాలలోకి భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులతోనే వెళ్లాలి. మన చీరకు, పంజాబీ డ్రెస్సుకు ఇబ్బంది ఉండదు. ఆరాధన జరుగుతున్నప్పుడు ఫోటోలు తీయవద్దు.

రెండు రోజులు చాలు. మొదటి రోజు బాప్తిస్మ మందిరం, ప్రధాన దేవాలయం, దాని మ్యూజియం, సాంతా క్రోచె. రెండవ రోజు అకాడెమియా, సాన్ మార్కో, ఇన్నోచెంతి. ఈ మూడూ దగ్గర దగ్గరగా ఉంటాయి. సమయం మిగిలితే ఆర్నో దాటి, కార్మినె దేవాలయంలో మజాచ్చో చిత్రించిన పన్ను నాణెపు ఘట్టాన్ని చూడండి. బయలుదేరకముందు మత్తయి 17:24-27 చదవండి.

వెళ్లలేనివారు చిన్నబుచ్చుకోనక్కర లేదు. ఒక శనివారం సండేస్కూలు పిల్లలను తీసుకొని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. రిబ్కా ముందు నిలబెట్టి, ఆదికాండము 24వ అధ్యాయం ఒక బిడ్డ చేత చదివించండి. మరో శనివారం సంఘ పెద్దలతో కలిసి మీ దగ్గరలోని అనాథాశ్రమానికి వెళ్లి, అక్కడి పిల్లలకు ఏమి కావాలో అడిగి రండి. ఫ్లోరెన్స్‌లో చూడవలసిన రెండు సంగతులూ అప్పుడు మీరు మలక్‌పేటలోనే చూచినవారవుతారు.